దీపావళిలోపు చేయాల్సిన పనులు: మన్యం పర్యాటకంపై బహిరంగ లేఖ

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు గారికి, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి గారికి, రాష్ట్ర పర్యాటక శాఖ, అటవీ శాఖ, రవాణా శాఖ అధికారులకు నమస్కారాలతో,

వానలు ఇంకా పడుతుండగానే చలికాలం గురించి రాస్తున్నాం. మరుగుదొడ్డి కట్టాలన్నా, టెండరు పిలవాలన్నా, గ్రామసభ పెట్టాలన్నా నెలలు పడతాయి. కార్తీకం వచ్చాక రాస్తే ఆ ఏడాదికి ఏ పనీ కాదు. అరకు, పాడేరు, చింతపల్లి దారుల్లో జీపులు, వ్యాన్లు నడిపేవాళ్లం, ఇళ్లలో గదులు అద్దెకిచ్చేవాళ్లం, కొండ మీదికి దారి చూపేవాళ్లం, వ్యూపాయింట్ల దగ్గర టీ, బొంగులో చికెన్ అమ్ముకునేవాళ్లం కలిసి కూర్చుని రాసిన లేఖ ఇది.

వంజంగి, చెరువులవేనం, మాడగడ. ఈ మూడు చోట్లకీ జనం వచ్చేది ఒక్క దృశ్యం కోసం. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే నేల వేడి పైకి పోతుంది, బరువైన చల్లగాలి లోయలోకి జారుతుంది, అందులోని తేమ మంచుగా పేరుకుంటుంది. కొండ మీద నిలబడితే కాళ్ల కింద పాలసముద్రంలా కనిపించేది అదే. ఎండ నేలకు తగిలాక ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా చెదిరిపోతుంది. రాత్రి మబ్బు పట్టినా గాలి వీచినా అసలు ఏర్పడదు. అంటే చూడాల్సింది రెండు గంటల సేపు ఉంటుంది, అదీ అన్ని రోజులూ ఉండదు.

మన ఇబ్బందులన్నీ ఈ రెండు గంటల దగ్గరే మొదలవుతున్నాయి. ఏడాది మొత్తానికి ఎంతమంది వచ్చారని శాఖలు లెక్క చెబుతాయి. ఆ లెక్క మాకు పనికిరాదు. నవంబరు నుంచి జనవరి దాకా ఉన్న శని, ఆదివారాల్లో తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరున్నర మధ్య ఒక్క కొండ కిందికి ఎన్ని బళ్లు వస్తున్నాయన్నదే అసలు లెక్క. మంగళవారం మధ్యాహ్నం అదే కొండ ఖాళీగా ఉంటుంది. కాబట్టి మా విన్నపమంతా ఆ రెండున్నర గంటల గురించే. ఇంకో వ్యూపాయింటు తెరిచినా, ఇంకో ఉత్సవం జరిపినా, ఇంకో ప్రచార వీడియో తీసినా ఆ రద్దీ ఇంకాస్త పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు బళ్ల సంగతి. ఒక ఆదివారం వంజంగికి 2,000 మంది వచ్చారనుకోండి. కారుకు ఐదుగురు చొప్పున 400 కార్లు. తిప్పుకునే జాగాతో కలిపి కారుకు 25 చదరపు మీటర్లు వేసుకుంటే 10,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల చదును నేల. కొండ వాలులో అంత చదును నేల ఉందంటే అది ఎవరో గిరిజన రైతు మడిచెక్క అయి ఉంటుంది. నేల దొరక్క బళ్లన్నీ రోడ్డు అంచున ఆగుతాయి. రోడ్డులో ఒక వరస మూసుకుపోతుంది. సూర్యోదయం అయ్యాక దిగే బళ్లు, ఆలస్యంగా ఎక్కే బళ్లు మిగిలిన ఒక్క వరసలో ఎదురుపడతాయి. ఆ సమయంలో ఊళ్లో ఎవరికైనా పురుటి నొప్పులు వస్తే 108 బండి పైకి రాలేదు. కాఫీ పళ్లు కోసేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. కోసిన పళ్లకు అదే రోజు తోలు తీయకపోతే బస్తాలోనే పులిసి గింజ నాణ్యత పోతుంది. ఆ బస్తాలు మోసే ఆటో గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలిచిపోతే రైతుకు కలిగే నష్టం ఏ పర్యాటక నివేదికలోనూ కనిపించదు.

అందుకని సొంత బళ్లను పాడేరులోనే ఆపించండి. అక్కడి నుంచి కొండ కిందికి 25 సీట్ల మినీబస్సులు, స్థానికుల జీపులు నడపండి. ఎక్కించుకుని వెళ్లి దింపి తిరిగి రావడానికి గంట పడుతుందనుకుంటే ఒక బస్సు తెల్లవారేలోపు రెండు ట్రిప్పులు వేస్తుంది. 20 బస్సులుంటే 1,000 మంది. అంతకు మించిన వాళ్లను ఆ రోజుకు తీసుకోకూడదు. టికెట్టు ముందురోజే తీసుకోవాలి, దాని మీద బస్సు సమయం ఉండాలి. ఇది మనం కొత్తగా కనిపెట్టేదేమీ కాదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000 బళ్లు, శని, ఆదివారాల్లో 8,000 బళ్లు అని హద్దు గీశారు. మన కొండలకూ అలాంటి అంకె ఒకటి కావాలి. దాన్ని విశాఖలో కూర్చుని వేయకుండా, కింద రోడ్డు వెడల్పు, నీళ్లు, మరుగుదొడ్లు కొలిచి వేయాలి.

దీనితోపాటు దాదాపు ఖర్చులేని పని ఒకటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ‘రేపు ఉదయం మంచు సముద్రం కనిపించే అవకాశం’ అని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ మూడు మాటల్లో ప్రకటించండి. రాత్రి ఉష్ణోగ్రత, గాలి, మబ్బు చూసి చెప్పగలిగిందే. ‘తక్కువ’ అన్న రోజు టికెట్టును మరో తేదీకి మార్చుకోనివ్వండి. మబ్బు పట్టిన రాత్రి విశాఖ నుంచి బయల్దేరి ఏమీ చూడకుండా తిరిగెళ్లే కుటుంబాలు ఎన్నో. వాళ్లకు డబ్బు దండగ, మాకు మాట పోతుంది.

ఇక ఘాట్ రోడ్డు. సూర్యోదయానికి కొండెక్కాలంటే విశాఖలో అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. పగలంతా పనిచేసిన మనిషి నిద్ర లేకుండా, తెలియని మలుపుల్లో, మంచులో, ఎదురు లైట్లలో నడుపుతాడు. ఎక్కేటప్పుడు భయం ఎక్కువ కాబట్టి జాగ్రత్తగానే ఉంటాడు. ప్రమాదం దిగేటప్పుడు. 2021 ఫిబ్రవరి 12న హైదరాబాదు నుంచి వచ్చిన యాత్రికుల బస్సు అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడి నలుగురు పోయింది కూడా అరకు చూసి దిగుతున్నప్పుడే.

దిగేటప్పుడు ఏం జరుగుతుందో మైదానం డ్రైవర్లకు చెప్పేవాళ్లు లేరు. పై గేరులో దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా ఉంటే లైనింగు వేడెక్కి పట్టు కోల్పోతుంది. కార్లు, వ్యాన్లలో బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ నేలకు ఆనినా బండి ఆగదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు. ఇంజిన్ ఆపేసి దింపేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు అందే సాయం రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది, స్టీరింగు కూడా బిగుసుకుంటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగాలన్నది మాలో కుర్రాళ్లకు నేర్పే మొదటి పాఠం. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది, డిమ్ వేయాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఈ నాలుగు ముక్కలు ఘాట్ పైన, కింద పెద్ద అక్షరాల బోర్డుల మీద తెలుగులోనూ ఒడియాలోనూ హిందీలోనూ ఉండాలి.

బోర్డు ఒక్కటే చాలదు. అనంతగిరి, పాడేరు, లంబసింగి ఘాట్లు మూడింటికీ దిగే ముందు తప్పనిసరి ఆగుడు చోటు పెట్టండి. ప్రతి బస్సూ, వ్యానూ పది నిమిషాలు ఆగాలి. డ్రైవరు దిగి ముఖం కడుక్కోవాలి, చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుందేమో చూసుకోవాలి. డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడో రవాణా శాఖ మనిషి అడిగి రాసుకోవాలి. పది గంటలు దాటితే రెండో డ్రైవరు లేకుండా వదలకూడదు. 12 మీటర్ల టూరిస్టు బస్సులకు హెయిర్‌పిన్ మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి, వెనక భాగం పిట్టగోడను రాసుకుంటుంది. వాటిని ఘాట్ల దిగువన ఎస్.కోట, మాడుగుల, నర్సీపట్నంలోనే ఆపి, ఘాట్ అలవాటున్న డ్రైవర్లతో ఆర్టీసీ చిన్న బస్సుల్లో పైకి పంపండి. రోడ్లు భవనాల శాఖ వారు మలుపుల్లో అంచు గీతలు, మెరిసే పలకలు అక్టోబరులో కొత్తగా వేయాలి. వానాకాలంలో బురద కప్పిన గీత మంచులో ఎవరికీ కనిపించదు.

అసలు రాత్రిపూట ఎక్కాల్సిన అవసరమే లేకుండా చేయడం ఇంకా మంచిది. ముందురోజు పగలే వచ్చి ఒక రాత్రి ఇక్కడ పడుకున్నవాళ్లకు తొలి బస్సుల్లో చోటివ్వండి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు పొద్దున బయల్దేరుతుంది. 2017 ఏప్రిల్‌లో అద్దాల బోగీ తగిలించాక దానికి గిరాకీ పెరిగింది. కానీ ఆ రైల్లో వచ్చినవాళ్లు అరకు, బొర్రా చూసి ఎక్కువమంది అదే రోజు బస్సులో దిగిపోతున్నారు. సీజనులో శుక్ర, శనివారాల్లో మధ్యాహ్నం విశాఖలో బయల్దేరి చీకటి పడేసరికి అరకు చేరే రైలు ఒకటుంటే వందల కార్లు ఘాట్ ఎక్కవు. ఇనుప ఖనిజం గూడ్సులతో ఆ లైను తీరికగా ఉండదని మాకు తెలుసు. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా జంట లైను పనులు జరుగుతున్నాయి కదా, అవి పూర్తయ్యే దశలో ఈ రైలు మాట రైల్వే వారి చెవిన వేయాల్సింది జిల్లా యంత్రాంగమే.

మరుగుదొడ్ల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. మేం మాట్లాడతాం, ఎందుకంటే దాని ఫలితం మా గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి వస్తుంది. 2,000 మందిలో సగం మందికి ఆ రెండు గంటల్లో అవసరం పడిందనుకుందాం. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున ఒక దొడ్డిని రెండు గంటల్లో 30 మంది వాడగలరు. 1,000 మందికి 34 దొడ్లు కావాలి. ఒక్కొక్కరికి ఐదు లీటర్లు వేసుకున్నా 5,000 లీటర్ల నీళ్లు, ఒక ట్యాంకరు. ఆరు దొడ్లు కట్టి రిబ్బను కత్తిరిస్తే మొదటి గంటలోనే నీళ్లు అయిపోతాయి, ఏడింటికి తలుపు తీయలేని స్థితి వస్తుంది, ఆ తర్వాత అందరూ కాఫీ తోటల్లోకే వెళతారు. ఆడవాళ్లు రాత్రి నుంచి నీళ్లు తాగకుండా వస్తున్నారు. కొండ మీద దొడ్లు కట్టొద్దు, అక్కడికి నీళ్లు ఎక్కవు. బస్సు ఎక్కే చోట పాడేరులో సగం, కొండ కింద దిగే చోట సగం కట్టండి. కడిగే మనుషులకు తెల్లవారుజామున మూడు నుంచి తొమ్మిది దాకా ఒక డ్యూటీ ఇచ్చి, చలిలో పని కాబట్టి కూలి ఎక్కువ ఇవ్వండి. బయో టాయిలెట్లు అమ్మేవాళ్లు వస్తారు. చలి పెరిగేకొద్దీ అందులోని బ్యాక్టీరియా పని మందగిస్తుంది. మనకు రద్దీ ఉండేదేమో చలిలోనే. కొనేముందు జనవరి తెల్లవారుజామున లంబసింగిలో నడిపి చూపించమనండి. బయట పడుకుంటే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు ఊరికే రాలేదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం గుడారాల వెనక గుంతలు. 50 మంది పడుకునే గుడారాల చోట మనిషికి 30 లీటర్లు వాడినా రాత్రికి 1,500 లీటర్ల మురికినీరు. దాన్ని ఐదుగురి కుటుంబానికి తవ్విన గుంతలోకి వదులుతున్నారు. అది నిండి పొంగి వాలులో కిందికి జారుతుంది. మైదానంలో బావికి 15 మీటర్ల దూరం చాలంటారు. ఇక్కడ ఆ కొలత చాలదు. ఊళ్లు తాగేది కొండవాలున ఊరే ఊట నీళ్లు, గొట్టంలో వాటంతటవే కిందికి వచ్చేవి. ఊటకు ఎగువన గుంత ఉంటే దూరం ఎంతైనా చేటే. కాబట్టి ప్రతి ఊటకు ఎగువ వాలును గ్రామసభతో గుర్తు పెట్టించి, అక్కడ గుడారాలు, లాడ్జీలు పూర్తిగా నిషేధించండి. మిగతా చోట రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత చూశాకే అనుమతి ఇవ్వండి. ట్యాంకు ఖాళీ చేసే బండి ఆ మురికి ఎక్కడ పోసిందో చీటీ ఉండాలి. పాడేరులోనూ అరకులోనూ ఎండబెట్టే మడులతో శుద్ధి చోటు ఒక్కొక్కటి కావాలి.

చెత్త లెక్క చిన్నదే గానీ మొండిది. 2,000 ఖాళీ నీళ్ల సీసాలు బరువు తూస్తే 40 కిలోలు, కానీ నలపకుండా పోస్తే రెండున్నర ఘనపు మీటర్లు, చిన్న ట్రాలీ నిండిపోతుంది. సీసాకు కొనేవాడు దొరుకుతాడు. చిప్స్ కవర్లకు, నూడుల్స్ కప్పులకు దొరకడు. వాటిని కాల్చేస్తున్నారు, లేదా లోయలోకి తోసేస్తున్నారు. పగిలిన మద్యం సీసాలు చెప్పుల్లేకుండా కాఫీ కోసే కూలీల కాళ్లలో, పశువుల గిట్టల్లో దిగుతున్నాయి. బస్సు ఎక్కే చోటే ప్రతి సీసాకు, ప్రతి కవరుకు స్టిక్కరు అంటించి 20 రూపాయల డిపాజిట్ తీసుకోండి, తెచ్చి చూపిస్తే తిరిగివ్వండి. నీలగిరుల్లో ప్రభుత్వ మద్యం దుకాణాలు 2022 నుంచి ఖాళీ సీసాకు పది రూపాయలు తిరిగిస్తున్నాయి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసా మానిపించగలిగాం. వంజంగిలో ఎందుకు కుదరదు?

చలిమంట విషయంలో ఒక హెచ్చరిక ప్రతి గుడారంలో, ప్రతి గదిలో అతికించాలి. నిప్పుల కుంపటిని లోపల పెట్టుకుని జిప్పు మూసుకుంటే వాసన లేని విషవాయువు నిండి నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి పోయే దారి లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టినా అంతే. ఇది గాక నైలాను గుడారం నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. గుడారానికీ మంటకూ పది మీటర్ల దూరం, పక్కన రెండు బకెట్ల ఇసుక, పదకొండింటికి మంట ఆర్పడం. ఈ మూడూ లేనిచోట అనుమతి రద్దు చేయండి.

చాపరాయి సెలయేరు లాంటి చోట్ల నాచు పట్టిన బండ మీద ఎండిన భాగం గరుకుగానే ఉంటుంది, తడి అంచు దగ్గరే కాలు జారుతుంది. ఆ అంచుకు రెండు మీటర్ల ఇవతల ఎర్ర గీత గీయించండి. 30 మీటర్ల తాడు, గాలి ట్యూబులు రెండు, ఈత వచ్చిన ఊరి కుర్రాళ్లు ఇద్దరు ఉండాలి. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. నీటిమట్టం గుర్తు దాటగానే మూసేయాలి.

బొర్రా గుహల్లో రంగు దీపాలు అవసరానికి మించి వెలుగుతున్నాయి. దీపం ఎక్కువసేపు పడిన తడి రాతికి ఆకుపచ్చ నాచు పడుతుంది, కడిగితే రాయి పాడవుతుంది. మనుషులు అక్కడ ఉన్నప్పుడే వెలిగేలా మార్చండి. చేత్తో తాకిన సున్నపు ఊడల మీద చేతి జిడ్డు పేరుకుంటే నీళ్లు పట్టవు, అక్కడితో దాని ఎదుగుదల ఆగిపోతుంది.

వలిసె పూల సంగతి కూడా చెప్పాలి. పసుపుపచ్చగా పూసే ఆ నూనెగింజల చేలల్లోకి ఫొటోల కోసం దిగినవాళ్లు తొక్కిన మేర గింజ రాలదు. రైతు పది, ఇరవై రూపాయలు అడిగితే దబాయిస్తున్నారు. అడగడం ఆయన హక్కు. రోడ్డు పక్క చేలల్లో అడుగు వెడల్పు బాటలు ముందే వదిలి, మనిషికి ఇంత అని పంచాయతీ బోర్డు పెడితే గొడవ ఉండదు.

ఇప్పుడు డబ్బు ఎవరికి చేరుతోందన్న ప్రశ్న. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, మనమంతా 1/70 అనేది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. అమ్మకమే కాదు, కౌలూ అందులోకే వస్తుంది. అయినా గిరిజనుడి పేరు మీద గుడారాలు వెలుస్తున్నాయి, పెట్టుబడీ లాభమూ మైదానానివి, ఆయనకు దక్కేది ఏడాదికింత అని అద్దె, లేదా కాపలా జీతం. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అనంతగిరి మండలం బొర్రా పరిసరాల గనుల లీజుల మీద వచ్చిందే. లాభాల్లో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని ఆ తీర్పు గనుల విషయంలో చెప్పింది. పర్యాటకానికి ఆ తీర్పు నేరుగా వర్తించదని వాదించవచ్చు. న్యాయం మాత్రం వర్తిస్తుంది. వ్యూపాయింటు టికెట్టులో 20 శాతం ఆ ఊరి ఖాతాలో పడాలి, నెలనెలా ఎంత వచ్చిందో ఎంత ఖర్చయిందో పంచాయతీ గోడ మీద రాయాలి. కొత్త చోటు తెరవాలంటే 2011 పెసా (ఏజెన్సీలో గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం) నియమాల ప్రకారం ముందు గ్రామసభ ముందుకు రావాలి, తెరిచాక సంతకాల కోసం కాదు.

గిరిజనులే తమ ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చుకునేలా చేయమని అడిగితే బ్యాంకులు తనఖా అడుగుతున్నాయి. అటవీ హక్కుల పట్టా భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు, కాబట్టి తనఖా కుదరదు. దీనికి దారి మహిళా సంఘాల రుణమే. ఐటీడీఏ పూచీ ఉంటే రెండు గదులు, రెండు దొడ్లు, సరైన ట్యాంకు, పరుపులు, దోమతెరలు అమర్చుకోవచ్చు. ఊరికి పది ఇళ్లకు మించకుండా, వంతుల వారీగా అతిథుల్ని పంపితే ఒకరి ఇల్లు నిండి పక్కింటివాళ్లు చూస్తూ ఉండే పరిస్థితి రాదు. భోజనం ధర, థింసా నృత్యం ఆడినందుకు ఇచ్చే మొత్తం ముందే రాసి ఉండాలి. ఆడేవాళ్ల మీదికి నోట్లు విసిరే పద్ధతి ఆగాలి.

చెల్లింపుల గురించి చిన్న మాట. కొండ మీద సిగ్నల్ ఉండదు. స్కాన్ చేసి ‘పంపించాం’ అని చూపించి వెళ్లిపోతారు, డబ్బు రాదు. టీ అమ్ముకునే మనిషికి అదే ఆ రోజు లాభం. కింద బస్సు దగ్గరే కూపన్లు అమ్మండి, పైన అవే చెల్లాలి, సాయంత్రానికి లెక్క తీరాలి.

మా వంతుగా జీపుల జాబితా, డ్రైవర్ల లైసెన్సుల నకళ్లు, ఊటల ఎగువ వాలుల గుర్తులు, ఇళ్లలో ఇవ్వగలిగిన గదుల లెక్క సిద్ధం చేసి ఉంచుతాం. వినాయక చవితి వెళ్లాక మొదటి వారంలో పాడేరులో ఒక్క పూట అన్ని శాఖలనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. ఆ రోజు తేలాల్సినవి మూడు: వంజంగికి రోజుకు ఎంతమంది, సొంత బళ్లు ఆగేది ఎక్కడ, దొడ్లకు నీళ్ల ట్యాంకరు ఏ శాఖ పంపుతుంది. తేదీ చెబితే వస్తాం.

ఇట్లు,
అరకు, పాడేరు, చింతపల్లి దారుల వాహన చోదకులు, బసల నిర్వాహకులు, దారి చూపేవాళ్లు, చిరు వ్యాపారులు